0.6 మి.మీ. మెలనోమాకి పెట్-సీటీ అవసరమా?

ప్రశ్న
బయాప్సీలో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) తేలింది. బ్రెస్లో మందం (కణితి చర్మంలోకి దిగిన లోతు) 0.6 మి.మీ., పైన పుండు లేదు, లింఫ్ గ్రంథులు చేతికి తగలడం లేదు, వేరే ఇబ్బందులూ లేవు. ఇంట్లోవాళ్లు "ఎందుకైనా మంచిది, పెట్-సీటీ (క్యాన్సర్ పాకిందేమో చూసే ఒళ్లంతా స్కాన్) తీయించేద్దాం" అంటున్నారు. ఖర్చు సంగతి అలా ఉంచితే, తీయిస్తే నష్టమేంటి?

జవాబు 1
నష్టం ఉంది. ఇది స్టేజ్ 1ఏ. క్యాన్సర్ స్టేజ్ నిర్ణయించే ఏజేసీసీ 8వ ఎడిషన్ లెక్కల్లో ఐదేళ్లలో మెలనోమాతో చనిపోనివాళ్లు 99 శాతం. ఒకవేళ గ్రంథిలోకి కణాలు చేరినా ఆ గుంపు మిల్లీమీటరులో ఏ పదో వంతో ఉంటుంది, 5 మి.మీ. లోపువి పెట్‌కి సరిగా ఆనవు. కాబట్టి "ఏమీ లేదు" అని వచ్చిన రిపోర్ట్‌తో కొత్తగా తెలిసేదేమీ లేదు.

ఆనేవి వేరే ఉంటాయి. ఎఫ్‌డీజీ (పెట్ కోసం ఒంట్లోకి ఎక్కించే మందు) చక్కెర లాంటిది, వాపు ఉన్న చోటల్లా వెలుగుతుంది: మానుతున్న బయాప్సీ గాయం, ఈమధ్య టీకా వేసిన చేతివైపు చంక గ్రంథి, పాత టీబీ మచ్చ. పేషెంట్‌కి క్యాన్సర్ అని తెలిశాక రేడియాలజిస్టు "మెటాస్టాసిస్ (పాకిన క్యాన్సర్) కాదని చెప్పలేం" అనక తప్పదు. ఆ ఒక్క లైనుతో మూడు నెలలకు మళ్లీ సీటీ, కొందరికి ఊపిరితిత్తిలోకి సూది. ఆ సూదితో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ప్రమాదం కూడా ఉంది.

జవాబు 2
రేడియేషన్ మర్చిపోయారు. పూర్తి డోసు సీటీతో కలిపితే సుమారు 25 మిల్లీసీవర్ట్‌లు. ప్రకృతి నుంచి ఏడాదికి వచ్చేది దాదాపు 3.

నన్నడిగితే ముందు ఆ 0.6 నిజమో కాదో చూడండి. షేవ్ బయాప్సీ (చర్మం పైపొరను చెక్కి తీసేది) అయి, రిపోర్ట్‌లో "అడుగు అంచులో కణితి ఉంది" అని ఉంటే అసలు మందం 0.6 కాదు, కనీసం 0.6. తర్వాత చుట్టూ 1 సెం.మీ. చర్మంతో కలిపి కోసి తీసే ఎక్సిషన్‌లో అది పెరగొచ్చు.

ప్రశ్న అడిగినవారు
పెరిగి 1.2 అయితే స్కాన్ తీయించాల్సిందేనా?

జవాబు 1
అప్పుడూ ముందు స్కాన్ కాదు, సెంటినెల్ నోడ్ బయాప్సీ, అంటే కణితి నుంచి లింఫ్ మొదట చేరే గ్రంథిని తీసి పరీక్షించడం. 0.8 నుంచే దాని గురించి మాట్లాడతారు. వెడల్పు ఎక్సిషన్‌తో పాటే చేయించుకోవాలి. చర్మం ఎక్కువగా కోసేశాక లింఫ్ దారులు మారి అసలు గ్రంథి దొరక్కపోవచ్చు. గ్రంథి పాజిటివ్ అయితే అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టి ఉంటారు: అలాంటివాళ్ల మీద జరిగిన ఎంఎస్ఎల్‌టీ-2 ట్రయల్‌లో మొదటి రెండేళ్లు నాలుగు నెలలకోసారి చూశారు. రేడియేషన్ లేదు, గ్రంథి గుండ్రంగా మారినా, మధ్యలో కొవ్వు గీత పోయినా కనబడుతుంది.

లక్షణాలేవీ లేకపోయినా స్కాన్‌ల ఆలోచన వచ్చేది స్టేజ్ 2బీ (ఇంకా మందమైన కణితి) నుంచి. తగ్గని తలనొప్పి, దగ్గు, బరువు తగ్గడం లాంటివి ఉంటే మాత్రం ఏ స్టేజ్ అయినా ఆగకండి.