తుంపర బకెట్‌లో కొమ్మలు నల్లబడిపోతున్నాయి, ఎవరైనా చెప్పండి

పర్లాకిమిడి పూలతోట:
పొద్దున ఆరింటి నుంచి ఈ బకెట్ ముందే కూర్చున్నాను, ఇప్పుడు రెండు దాటింది. మట్టి లేకుండా తుంపరతో వేళ్లు పట్టించే బకెట్ ఇంట్లోనే చేసుకున్నాను. మూతకి కన్నాలు, వాటిలో స్పాంజి ముక్కలు, లోపల మోటారు, పీవీసీ పైపు, ఆరు నాజిళ్లు. తుంపర బాగానే వస్తోంది. కొమ్మలు మాత్రం నాలుగో రోజుకల్లా మొదలు దగ్గర నల్లబడి జావలా అయిపోతున్నాయి. ఇది మూడో విడత. నాజిళ్లు మార్చాను, పైపు ఎత్తు తగ్గించాను, అన్నీ విప్పి కడిగాను. ఇంకేం చెయ్యాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

రాయగడ నర్సరీ:
నీళ్ల వేడి ఎంత? ఏ మొక్క?

బరంపురం మాస్టారు:
అమ్మా, ముందు పేరు సరిగ్గా పెట్టుకుంటే సగం సమస్య అర్థమవుతుంది. చాలామంది దీన్ని మిస్ట్ ఛాంబర్ అంటున్నారు. అది వేరు. మిస్ట్ ఛాంబర్‌లో తుంపర ఆకుల మీద పడుతుంది, కొమ్మ మొదలు ఇసుకలోనో కోకోపీట్ అనే కొబ్బరి పొట్టులోనో ఉంటుంది. మీ బకెట్‌లో మొదలు గాలిలో వేలాడుతుంది, తుంపర దానికే తగులుతుంది. దీన్ని ఏరోపోనిక్స్ అంటారు. ఆ మాట 1957లో ఎఫ్. డబ్ల్యు. వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టింది. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మీ పద్ధతిలో ఆకులకి తడి అందదు. ఆకులు ఎక్కువ ఉంచితే కొమ్మ వాడిపోతుంది. పైన రెండు మూడు ఆకులు ఉంచి, వాటినీ సగానికి కత్తిరించండి.

జయపురం కుర్రాడు:
మాస్టారూ, మట్టి లేదు, నీళ్లే ఉన్నాయి, అంటే హైడ్రోపోనిక్సే కదా? నీళ్లలో ఒక చెంచా 19:19:19 ఎరువు వేసి చూడండి అక్కా.

బరంపురం మాస్టారు:
కాదు నాయనా. వేళ్లు నీళ్లలో మునిగి ఉండటం వేరు, గాలిలో ఉండి తుంపర తాగడం వేరు.

గుణుపురం రైతు:
ఎందుకమ్మా ఈ మోటార్లు, పైపులు? కరెంటు పోతే ఏం చేస్తారు? మా ఇంట్లో వానలు పడ్డాక కుండీలో వంశధార ఇసుక పోసి, కొమ్మ గుచ్చి, నీడలో పెట్టి పాలిథిన్ కవరు కప్పుతాం. మందారం, మల్లె, కనకాంబరం అన్నీ అలాగే వచ్చాయి. ఇసుక కడిగి వాడాలి, అంతే. ఇందులో ఖర్చేముంది?

పర్లాకిమిడి పూలతోట:
అన్నా, వానల దాకా ఆగే వీలుంటే ఆగేదాన్నే. అమ్మ పెట్టిన చెట్టు అది. ప్రహరీ కోసం కొట్టేశారు. తడి గోనెలో చుట్టి తెచ్చిన కొమ్మలే మిగిలాయి. ముద్ద తగర. గింజ పట్టదు, కొమ్మతోనే రావాలి. 19:19:19 రెండో విడతలోనే వేశాను తమ్ముడూ, లాభం లేదు.

జయపురం కుర్రాడు:
తగరం అంటే రేకు కదా అక్కా?

పర్లాకిమిడి పూలతోట:
మా వీధిలో ఒడియావాళ్లు తగర అంటారు, మాకూ అదే అలవాటైపోయింది. నందివర్ధనం.

రాయగడ నర్సరీ:
పాలు కారే మొక్క అని మొదటే చెప్పాలి కదమ్మా. కోసిన కొమ్మని పాలు ఆగేదాకా మామూలు నీళ్లలో ఉంచి, కడిగి, అప్పుడు బకెట్‌లో పెట్టాలి. లేకపోతే ఆ పాలన్నీ తిరిగే నీళ్లలోనే కలుస్తాయి. వేళ్లు వచ్చేదాకా ఎరువు వద్దు. నీళ్ల వేడి ఎంత అని అడిగాను.

పర్లాకిమిడి పూలతోట:
జ్వరం చూసే థర్మామీటర్ పెట్టాను, ఏమీ చూపించలేదు. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మేడ మీద రేకుల షెడ్డు కింద పెట్టాను. మోటారు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంది, ఆపితే ఎండిపోతాయని.

రాయగడ నర్సరీ:
అదే జబ్బు. కూలరు మోటారు 18 వాట్లది అనుకుందాం. ఆ వేడంతా నీళ్లలోకే పోతుంది. 15 లీటర్ల నీళ్లయితే, వేడి బయటికి పోయే దారి లేకపోతే, గంటకి దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. పైగా రేకుల షెడ్డు. నీళ్లు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. 20 దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 దగ్గర ఏడున్నరే. వెచ్చటి నీళ్లలో కుళ్లు తెగులు తొందరగా పుడుతుంది.

బకెట్ కింది గదిలోకి దించండి. పాత నీళ్లు పారబోసి, పైపు, నాజిళ్లు బ్లీచింగ్ నీళ్లతో శుభ్రం చేసి బాగా కడగండి. మామూలు టైమర్ కొనండి, పావుగంట ఆన్, పావుగంట ఆఫ్. మూత బిగుతుగా ఉంటే ఆ పావుగంటలో కొమ్మ ఎండదు. మధ్యాహ్నం ఐసు కట్టిన సీసా ఒకటి నీళ్లలో వేయండి. బకెట్ తెల్లదైతే బయట నల్ల గుడ్డ చుట్టండి, వెలుతురు పడితే పాచి పడుతుంది.

జయపురం కుర్రాడు:
హార్మోన్ బదులు కలబంద గుజ్జు రాస్తే చాలంటారు కదా?

బరంపురం మాస్టారు:
కలబందని నమ్ముకోకు. ఐబీఏ అనే వేళ్లు పట్టించే హార్మోనే వాడాలి. అయితే శుద్ధమైన ఐబీఏ పొడి నీళ్లలో సరిగా కరగదు, ముందు కొద్దిగా స్పిరిట్‌లో కరిగించి తర్వాత నీళ్లు కలపాలి. చాలామంది నేరుగా నీళ్లలో వేసి, పనిచేయలేదంటారు.

గుణుపురం రైతు:
రెండు కొమ్మలైనా ఇసుకలో పెట్టమ్మా. అన్నీ ఒకే బకెట్‌ని నమ్ముకుని పెట్టొద్దు.

జయపురం కుర్రాడు:
స్పిరిట్ అంటే ఆసుపత్రిదా, పెయింట్లదా?

పర్లాకిమిడి పూలతోట:
పక్కింట్లో చేపల తొట్టి థర్మామీటర్ అడిగి తెచ్చాను. 34 ఉంది. కిందికి దించి నీళ్లు మార్చాను, ఇప్పుడు 27. టైమర్ రేపు తెస్తారు. నల్లబడిన మేర కోసేసి, పాలు కడిగి, ఏడు కొమ్మలు మళ్లీ పెట్టాను. రెండు ఇసుకలో పెట్టాను అన్నా. థాంక్స్ అండీ.

జయపురం కుర్రాడు:
మాస్టారూ, స్పిరిట్ ఏదో చెప్పలేదు.