పరుగు మధ్యలో పెట్టుడు కాలు విప్పి చెమట తుడుచుకోవాలా, ఆగకుండా పోవాలా?

బీచ్‌రోడ్ ఉదయం (విశాఖపట్నం)

ఎడమ కాలు మోకాలి కింద తీసేసి 6 ఏళ్లయింది. స్టంప్‌కి, అంటే మిగిలిన కాలుకి, సిలికాన్ లైనర్ తొడుగు. దాని అడుగున పెట్టుడు కాలిని పట్టి ఉంచే పిన్ లాక్. పరుగుకి బ్లేడ్, స్ప్రింగులా వంపు తిరిగిన పాదం. పోయిన ఆదివారం ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు 21 కిలోమీటర్లు మొదలుపెట్టాను. 10 దాకా హాయిగా సాగింది. 13 దాటాక కాలు సాగినట్టు అనిపించింది. అడుగు వేస్తే స్టంప్ లోపలికి దిగుతోంది, ఎత్తితే పైకి జారుతోంది. టైం పోతుందని 16 దాకా అలాగే లాక్కొచ్చాను. ఇక లాభం లేక గట్టు మీద కూర్చుని లైనర్ తీస్తే సగం టీ గ్లాసు చెమట కారింది. ఎముక చివర రూపాయి బిళ్లంత మేర చర్మం ఒరుసుకుపోయింది. మిగతా 5 కిలోమీటర్లు నడిచాను. తర్వాత 4 రోజులు కాలు పెట్టుకోలేక ఆఫీసుకి కర్రలతో వెళ్లాను.

మధ్యలో విప్పితే లయ పోతుంది, స్టంప్ ఉబ్బి మళ్లీ ఎక్కదు, ఆగొద్దు అంటారు మా కోచ్. నాతో పరిగెత్తే ఒక అన్నయ్యది కూడా పెట్టుడు కాలే. 5, 6 కిలోమీటర్లకోసారి విప్పి తుడుచుకోమని ఆయన మాట. దూరాలు పరిగెత్తేవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి.

నెక్లెస్ రోడ్ 5:30 (హైదరాబాద్)

తమ్ముడూ, ఆగు. జారడం మొదలయ్యాక ఆగితే లాభం లేదు, అప్పటికే చర్మం మెత్తబడి ఉంటుంది. జారకముందే ఆగాలి.

నేను 9 ఏళ్లుగా చేస్తున్నది చెప్తా. నడుముకి చిన్న సంచి. అందులో పాత కాటన్ లుంగీ ముక్క, పొడి సాక్స్ ఒకటి, జిప్ కవర్లో. 6వ కిలోమీటరు దగ్గర కూర్చుంటా. బటన్ నొక్కి కాలు లాగేస్తా, లైనర్ కిందికి చుట్టి తీస్తా. స్టంప్‌ని రుద్దను, అద్దుతా. మెత్తబడ్డ చర్మాన్ని రుద్దితే అక్కడే పుండు మొదలవుతుంది. లైనర్ లోపల అడుగు దాకా తుడుస్తా. తిరిగి ఎక్కించేటప్పుడు చివర గాలి బుడగ ఉండకుండా చూసుకుంటా. ఆ బుడగ దగ్గరే బొబ్బ లేస్తుంది.

తర్వాత లేచి నిలబడి, పిన్ లాక్‌లోకి దిగేటప్పుడు వచ్చే క్లిక్కులు లెక్కపెడతా. పొద్దున 5 క్లిక్కులతో కూర్చున్న పిన్ ఇప్పుడు 7 అంటే స్టంప్ సన్నబడి లోతుకి దిగింది, సందు నిండేలా లైనర్ పైన ఒక సాక్స్ వేస్తా. అన్నీ కలిపి మూడున్నర నిమిషాలు. అంతలో ఏమీ ఉబ్బదు. అరగంట విప్పి కూర్చుంటే మీ కోచ్ చెప్పింది నిజమే.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి ఎండ లేకపోయినా ఉక్క చంపేస్తుంది. హాఫ్‌లో, అంటే 21 కిలోమీటర్లలో, 3 సార్లు ఆగుతా. ఆ పది నిమిషాలు కూడా నా టైమే.

ఇంకో మాట. మొదటిసారి ఫుట్‌పాత్ మీద కాలు విప్పితే వాలంటీర్లు నొప్పి స్ప్రే డబ్బాతో పరిగెత్తుకొచ్చారు, చుట్టూ పదిమంది చేరారు. సిగ్గేసి తుడవకుండానే తొడుక్కున్నా, ఆ రోజే పుండు పడింది. ఇప్పుడు కూర్చోగానే ముందు బొటనవేలు పైకెత్తి చూపిస్తా. ఎవరూ రారు.

గచ్చిబౌలి హాఫ్ (హైదరాబాద్)

అన్నా, మీ పద్ధతి తప్పనను. కానీ ఆగడం ఒక్కటే దారి అంటే ఒప్పుకోను. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సిలికాన్ లోపల గాలి ఆడదు, అక్కడ పట్టిన చెమట ఆరే దారే లేదు. అంటే ఆ చెమటతో శరీరానికి చల్లదనం రాదు, చర్మం నానడం, లైనర్ జారడం తప్ప. అలాంటిది పట్టాక తుడిచే బదులు పట్టకుండా చూసుకోవచ్చు కదా?

మా చర్మం డాక్టర్ 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాశారు. రాత్రి పడుకునే ముందు, స్టంప్ పూర్తిగా ఆరాక పూస్తాను, పొద్దున కడిగేస్తాను. రాత్రిపూట చెమట తక్కువ కాబట్టి మందు గ్రంథుల నోటి దగ్గర నిలిచి వాటిని మూస్తుంది. పరుగుకి ముందు పూస్తే చెమటతో కొట్టుకుపోతుంది. మొదటి వారం రోజూ, ఇప్పుడు వారానికి రెండుసార్లు. 21 కిలోమీటర్ల తర్వాత లైనర్ తీస్తే చెమ్మ ఉంటుంది, కారదు. రెండేళ్లుగా దారిలో విప్పలేదు. పుండు మీద, షేవ్ చేసిన చర్మం మీద మాత్రం ఎప్పుడూ పూయకండి, భగ్గున మండుతుంది. అసలు స్టంప్ షేవ్ చేయకపోవడమే మంచిది.

నెక్లెస్ రోడ్ 5:30

చెల్లెమ్మా, నేనూ వాడి చూశా. పది రోజులకి దురద, ఎర్రటి దద్దుర్లు. అందరికీ పడదు. దానికంటే పెద్ద సంగతి, షుగర్ వల్ల కాలు పోయినవాళ్లు మనలో ఎంతమంది! వాళ్లకి స్టంప్‌లో స్పర్శ సరిగా ఉండదు, ఒరుసుకుపోయినా తెలియదు. నేను ఆగేది తుడవడానికి సగం, చూసుకోవడానికి సగం. మందు చెమటని ఆపుతుందేమో గానీ, కంటితో చూసుకునే పని మందు చేయదు.

గచ్చిబౌలి హాఫ్

షుగర్ ఉన్నవాళ్లు ఆగి చూసుకోవాలన్నది నిజం, అది ఒప్పుకుంటున్నాను. నాది ప్రమాదంలో పోయిన కాలు, స్పర్శ బాగానే ఉంది. మందు పడనివాళ్లకి బొటాక్స్ ఇంజెక్షన్లున్నాయి, కొన్ని నెలలు పనిచేస్తాయి. ఖర్చెక్కువ, స్టంప్ చుట్టూ చాలా పోట్లు పొడవాలి.

సాకెట్ పని (విజయవాడ)

కాళ్లు తయారుచేసే పనిలో 18 ఏళ్లుగా ఉన్నాను. నా దగ్గరికి "చెమట వల్ల జారుతోంది" అని వచ్చేవాళ్లలో చాలామందికి సాకెట్, అంటే స్టంప్ కూర్చునే గట్టి గిన్నె, వదులై ఉంటుంది. పరిగెత్తేకొద్దీ స్టంప్ నీరు తగ్గి సన్నబడుతుంది, సందు ఏర్పడుతుంది, ఆ సందులో స్టంప్ కిందికీ పైకీ ఆడుతుంది. ఆ రాపిడికి వేడి, వేడికి ఇంకా చెమట. ప్రశ్న అడిగిన బాబూ, 13 దాటాక నీకు జరిగింది ఇదే అనుకుంటున్నాను. ఆ రోజు క్లిక్కులు లెక్కపెట్టావా? తుడిచి ఊరుకుంటే రెండు కిలోమీటర్లకి మళ్లీ అదే కథ. సాక్స్ వేయాలి, సాకెట్ చూపించుకోవాలి.

సన్నటి రంధ్రాలున్న లైనర్లు వచ్చాయి, చెమట వాటిలోంచి బయటికి పోతుంది. వేడిని పీల్చుకునే పదార్థం కలిపినవీ ఉన్నాయి. అయితే ఆ పదార్థం కరిగేటప్పుడే వేడిని లాక్కుంటుంది. అంతా కరిగాక అది మళ్లీ చల్లబడేదాకా మామూలు లైనరే. ఆఫీసులో కూర్చునేవాళ్లకి బాగుంటుంది గానీ రెండున్నర గంటల పరుగుకి దాని మీద ఆశ పెట్టుకోకండి. ఒకబ్బాయి మామూలు లైనర్‌కి ఇంట్లో సూదితో తూట్లు పొడుచుకుని వచ్చాడు. ఆ తూట్ల దగ్గరే చిరిగిపోయింది. దయచేసి అలా చేయకండి.

పౌడర్ కూడా వద్దు. చెమటతో ముద్దకట్టి చర్మాన్ని గీకేస్తుంది.

మానేరు గట్టు (కరీంనగర్)

మీరందరూ లైనర్ల ముచ్చట చెప్తున్నరు. నాది జైపూర్ కాలు, ప్లాస్టిక్ సాకెట్, ఉచితంగా ఇచ్చిన్రు. లైనర్ కొనాలంటే నా రెండు నెలల జీతం. లోపల మూడు కాటన్ సాక్సులే. చెమటను సాక్స్ గుంజుకుంటది, అది మంచిదే. కానీ తడిసిన సాక్స్ ముడతపడితే తాడు లెక్క కోస్తది. మానేరు డ్యాం కట్ట మీద 10 కిలోమీటర్లు ఉరుకుత. సగంల ఆగి సాక్సులు మార్చుడు తప్పదు. మందా, ఆగుడా అని నాకు వాదన లేదు, పొడి సాక్స్ ఉందా లేదా అన్నదే. చివరిది ఉల్టా వేసుకోండ్రి, కుట్టు చర్మానికి తగలదు.

ఫుల్ మారథాన్ కల (డల్లాస్)

టెర్రీ ఫాక్స్ 1980లో కెనడాలో 143 రోజులు పరిగెత్తి 5,373 కిలోమీటర్లు పూర్తిచేశాడు. మోకాలి పైన తీసేసిన కాలు, ఆనాటి బరువైన కృత్రిమ కాలు. ఆయన ఓర్చుకున్నాడు, మనం 21కే ఆగి తుడుచుకోవాలా?

నెక్లెస్ రోడ్ 5:30

ఆయన స్టంప్ మీద పుళ్లు పడి రక్తం కారేది, అదీ గుర్తుంచుకోండి. క్యాన్సర్ పరిశోధనకి డబ్బు పోగుచేయాలని, ఆ జబ్బు తనను వదిలిందో లేదో తెలియని కుర్రవాడు పెట్టుకున్న మొండి పట్టు అది. ఆయనకి చేతులెత్తి మొక్కుతా. కానీ ఈ తమ్ముడు సోమవారం అదే కాలుతో ఆఫీసుకి వెళ్లాలి. పుండు పడితే పరుగొక్కటే కాదు, నడక కూడా పోతుంది.

బీచ్‌రోడ్ ఉదయం

అందరికీ కృతజ్ఞతలు. సాకెట్ గారూ, ఆ రోజు క్లిక్కులు లెక్కపెట్టలేదు. మీరు అడిగాక నిన్నా ఇవాళా చూశాను. పొద్దున 4, సాయంత్రానికి 7. మంగళవారం సాకెట్ చూపించుకుంటున్నాను. అక్కా, చర్మం పూర్తిగా మానాక డాక్టర్ని అడిగి మీరు చెప్పిన మందు మొదలుపెడతాను. అది పనిచేసినా మొదటి రెండు నెలలు మాత్రం 7 దగ్గరా 14 దగ్గరా ఆగి చూసుకుంటాను.

ఇదంతా మా కోచ్‌కి చదివి వినిపించాను. లయ సంగతిలో ఆయన మాట మార్చుకోలేదు. కానీ తర్వాతి లాంగ్ రన్‌కి బైక్ మీద వెనకాలే వస్తానన్నారు, తువ్వాలు ఆయన దగ్గరే ఉంటుందట. మానేరు అన్నా, మీ సాక్స్ సైజు చెప్పండి. నా దగ్గర విప్పని ప్యాకెట్లు రెండున్నాయి, పంపిస్తాను.