విండోస్ 7లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు పడుతోంది

మా నాన్నగారికి చేతి నొప్పి, టైప్ చేయలేరు. నోటితో చెప్పి రాయించుకుందామని పాత పీసీలో (2 జీబీ ర్యామ్) కంట్రోల్ ప్యానెల్‌లో ఉన్న స్పీచ్ రికగ్నిషన్ ఆన్ చేశాను. ఆయన తెలుగులో మాట్లాడితే అర్థంలేని ఇంగ్లీషు ముక్కలు వస్తున్నాయి. పైగా కొత్త హెడ్‌సెట్ పెడితే మైక్ అసలు పలకట్లేదు. సిస్టమ్ మార్చే బడ్జెట్ ఇప్పుడైతే లేదండీ.

జవాబు 1:
అందులో తెలుగు లేదండీ. ఇంగ్లీషు, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, జపనీస్, చైనీస్ అంతే, ఎంత ట్రైనింగ్ ఇచ్చినా లాభం లేదు. మైక్ సంగతి వేరే: ఫోన్ హెడ్‌సెట్ పిన్ మీద మూడు నల్ల గీతలుంటాయి, పాత పీసీలో మైక్‌కి గులాబీ రంగు జాక్ విడిగా ఉంటుంది కాబట్టి మైక్‌ని, శబ్దాన్ని రెండు పిన్‌లుగా విడదీసే స్ప్లిటర్ కేబుల్ కావాలి. పెట్టాక సౌండ్ సెట్టింగ్స్‌లో రికార్డింగ్ ట్యాబ్ తెరిచి మాట్లాడండి, ఆకుపచ్చ గీతలు కదిలితే మైక్ బాగున్నట్టే.

జవాబు 2:
గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్ ఉంది, తెలుగు వస్తుంది. కానీ దానికి క్రోమ్ లాంటి బ్రౌజర్ కావాలి, విండోస్ 7కి క్రోమ్ 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది, దాని మీద ఎన్నాళ్లు నడుస్తుందో నమ్మకం పెట్టుకోకండి.

జవాబు 3:
ఇదంతా ఎందుకు అన్నా, నాన్నగారి ఫోన్‌లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్ యాప్) పెట్టి తెలుగు ఎంచుకుని మైక్ నొక్కి డాక్స్ యాప్‌లో మాట్లాడమను, అదే అకౌంట్‌తో పీసీలో తెరిచి ప్రింట్ తీసుకో.

అడిగినవారు:
ఫోన్‌లో పని అయింది! సున్నాలు, ఒత్తులు అక్కడక్కడా తప్పుతున్నాయి, అవి నేను దిద్దుతున్నా. స్ప్లిటర్ ఇంకా కొనలేదు.