అప్‌డేట్: ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ ఇంటర్న్‌షిప్‌లో చేరాను

నల్గొండలో బీకాం ఫైనల్ ఇయర్ చదువుతున్నా, మిర్యాలగూడ వైపు ఒక సిమెంట్ కంపెనీ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది, చేరాలా లేక హైదరాబాద్‌లో సీఏ ఆఫీసు చూసుకోవాలా అని అడిగాను కదా. చేరాను.

రిటర్ను నింపడం చివర్లో అయిపోయే చిన్న పని. తిప్పలన్నీ లెక్కలు కలపడంలోనే. నెలనెలా 14న జీఎస్‌టీఆర్-2బీ (సప్లయర్లు చూపించిన బిల్లులను బట్టి జీఎస్‌టీ పోర్టల్ మనకిచ్చే లిస్టు) వస్తుంది. సప్లయర్ బిల్లు అందులో లేకపోతే, ఒరిజినల్ మన ఫైల్లో ఉన్నా క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) రాదు. 20లోపు జీఎస్‌టీఆర్-3బీ (పన్ను కట్టే నెలవారీ రిటర్ను) వేయాలి కాబట్టి ఆ మధ్యలో అంతా ఫోన్లే. "అన్నా, మా బిల్లు జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల రిటర్నులో) పెట్టిన్రా?" అని సప్లయర్లను అడగడం నా డ్యూటీ.

లారీ కిరాయిల టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే ఇన్‌కమ్ ట్యాక్స్) ఇంకా నచ్చింది. పది లేదా అంతకంటే తక్కువ లారీలున్న ఓనర్ ఆ సంగతి రాసిచ్చి, పాన్ ఇస్తే కోత ఉండదు. ఆ కాగితం లేకపోతే వ్యక్తులకు 1 శాతం, పాన్ కూడా లేకపోతే ఏకంగా 20 శాతం. ఓనర్ల చేత ఆ కాగితం తెప్పించడం ఏ సిలబస్‌లోనూ లేదు!

2025 సెప్టెంబర్ 22న సిమెంట్‌పై జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు బిల్లులకు క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గిస్తూ కొన్నవాళ్లకు ఇచ్చే కాగితం) పాత రేటుతోనే వేయాలని ఇక్కడే తెలిసింది.

సీఏ చేయాలనుకునేవాళ్లు మాత్రం చూసుకోండి, ఇది ఆర్టికల్‌షిప్ (సీఏ కోర్సులో తప్పనిసరిగా చేయాల్సిన ట్రైనింగ్) లెక్కలోకి రాదు. స్టైపెండ్ బస్సు ఛార్జీలకు, టీలకు సరిపోతోంది.