బేస్ క్లాస్ డిస్ట్రక్టర్ నుంచి క్లోజ్() పిలిస్తే క్రాష్: ఇంతకీ క్లీనప్ ఎక్కడ పెట్టాలి?

నిద్రలేని_థ్రెడ్:
సీ++లో చానెల్ అని ఒక అబ్‌స్ట్రాక్ట్ బేస్ క్లాస్ ఉంది, దాని కింద ఫైల్, సాకెట్, సీరియల్ పోర్ట్ అని మూడు డెరైవ్డ్ క్లాసులు. తెరిచినదాన్ని మూయడం మూడింటికీ ఉన్న పనే కదా, మూడుచోట్ల రాయడం ఎందుకని క్లోజ్()ని ప్యూర్ వర్చువల్ (డెరైవ్డ్ క్లాసులే రాయాల్సిన ఫంక్షన్) చేసి, బేస్‌లో షట్‌డౌన్() అని ఒకటి రాసి అందులోంచి క్లోజ్()ని పిలిచి, ఆ షట్‌డౌన్()ని బేస్ డిస్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు దానంతటదే నడిచే ఫంక్షన్) పెట్టేశాను. రన్ చేస్తే 'ప్యూర్ వర్చువల్ మెథడ్ కాల్డ్' అంటూ ప్రోగ్రాం పడిపోయింది. సరే అని బేస్‌లో క్లోజ్()కి ఖాళీ బాడీ ఇచ్చాను. క్రాష్ పోయింది, హమ్మయ్య అనుకున్నాను. రాత్రంతా నడిపితే తెల్లారేసరికి 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్'. ఒక్క సాకెట్ కూడా మూతపడటం లేదు.

ఇప్పుడు ప్రతి డెరైవ్డ్ క్లాస్ డిస్ట్రక్టర్‌లోనూ క్లీనప్ రాయాలా? అలా చేస్తే రేపు నాలుగో క్లాస్ రాసేవాళ్లు మర్చిపోతారని మా టీమ్‌లో ఒకటే గొడవ. అన్నట్టు, డేటా చదివే థ్రెడ్ కూడా బేస్‌లోనే ఉంది.

సెమికోలన్:
ఖాళీ బాడీ ఇచ్చారంటే మోగుతున్న అలారం వైరు పీకేసినట్టే :)

డిస్ట్రక్షన్ ఎప్పుడూ డెరైవ్డ్ నుంచి బేస్ వైపు నడుస్తుంది. ముందు సాకెట్ డిస్ట్రక్టర్ బాడీ, తర్వాత దాని మెంబర్లు డిక్లేర్ చేసిన వరుసకు తలకిందులుగా, అదంతా అయ్యాకే బేస్. బేస్ డిస్ట్రక్టర్ వంతు వచ్చేసరికి సాకెట్ భాగం పోయింది, అక్కడ మిగిలింది ఒట్టి చానెల్. అందుకే వర్చువల్ కాల్ డెరైవ్డ్‌లోకి వెళ్లదు, బేస్‌లో ఉన్నదాన్నే పిలుస్తుంది. డిస్ట్రక్టర్‌లో నేరుగా క్లోజ్() అని రాసి ఉంటే మామూలుగా కంపైలరో లింకరో పట్టేసేది, మధ్యలో షట్‌డౌన్() ఉండబట్టి తప్పించుకుంది.

నన్నడిగితే బేస్‌లోనూ వద్దు, డెరైవ్డ్ డిస్ట్రక్టర్‌లోనూ వద్దు. డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలుకో సాకెట్‌కో ఓఎస్ ఇచ్చే నంబరు) మాత్రమే పట్టుకునే చిన్న క్లాస్ ఒకటి రాయండి: లోపల ఒక ఇంట్, డిస్ట్రక్టర్‌లో అది -1 కాకపోతే మూసేయడం, కాపీ నిషేధం, మూవ్ చేస్తే పాతదాంట్లో -1 పెట్టడం. ఇరవై లైన్లు కూడా ఉండదు. దాన్ని ఫైల్, సాకెట్, సీరియల్ పోర్ట్ క్లాసుల్లో మెంబర్‌గా పెట్టుకుంటే ఆ మూడింటికీ డిస్ట్రక్టరే రాయక్కర్లేదు. రాయాల్సిందే లేకపోతే నాలుగోవాళ్లు మర్చిపోవడానికి ఏముంది? ఇంకో లాభం: కన్‌స్ట్రక్టర్ మధ్యలో ఎక్సెప్షన్ వస్తే ఆ క్లాస్ డిస్ట్రక్టర్ నడవదు, కానీ అప్పటికే తయారైన మెంబర్ల డిస్ట్రక్టర్లు నడుస్తాయి. డెరైవ్డ్ డిస్ట్రక్టర్‌లో క్లోజ్() రాసుకుంటే ఆ దారిలో లీకే.

బేస్‌లో చేయాల్సింది ఒక్కటే, డిస్ట్రక్టర్‌ను వర్చువల్ అని రాసి డిఫాల్ట్ చేయడం. అది లేకుండా బేస్ పాయింటర్‌తో డిలీట్ చేస్తే అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏమవుతుందో భాష హామీ ఇవ్వదు. మేక్_షేర్డ్‌తో చేసిన షేర్డ్_పీటీఆర్ (పలువురు పంచుకునే, తనే డిలీట్ చేసుకునే పాయింటర్) అసలు టైప్‌ను గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఈ తప్పు బయటపడదు, ఎవరైనా దాన్ని యునీక్_పీటీఆర్‌కి (ఒక్కరి చేతిలోనే ఉండే రకం) మార్చిన రోజు బయటపడుతుంది.

పాత_పాయింటర్:
పైన చెప్పింది కరెక్టే, కానీ థ్రెడ్ సంగతి వదిలేశారు. నాకు దాని మీదే టెన్షన్.

ఆ థ్రెడ్ లూప్‌లో వర్చువల్ రీడ్()ని పిలుస్తూ ఉంటుంది కదా. సాకెట్ భాగం కూలిపోయి బేస్ డిస్ట్రక్టర్ ఇంకా జాయిన్ చేయని (థ్రెడ్ ముగిసేదాకా ఆగని) ఆ చిన్న సందులో రీడ్() పడితే మళ్లీ అదే క్రాష్, లేదంటే మూసేసిన డిస్క్రిప్టర్ నంబరును ఈలోపు ఇంకెవరో తెరిచేసుకుంటే వాళ్ల డేటా మీరు చదువుతారు. మీ మెషీన్‌లో ఎప్పటికీ కనబడకపోవచ్చు. మొదలయ్యేటప్పుడూ ఇదే కథ, బేస్ కన్‌స్ట్రక్టర్‌లో థ్రెడ్ మొదలెడితే సాకెట్ భాగం ఇంకా పుట్టనే లేదు.

కాబట్టి థ్రెడ్‌ను హయరార్కీ నుంచే బయటికి తీయండి. రీడర్ అని వేరే క్లాస్, ముందు చానెల్‌కి యునీక్_పీటీఆర్, దాని కింద జేథ్రెడ్, ఈ వరుస మార్చొద్దు. తలకిందులుగా కూలుతుంది కాబట్టి థ్రెడ్ ఆగాకే చానెల్ పోతుంది. జేథ్రెడ్ సీ++20లో వచ్చింది, దాని డిస్ట్రక్టర్ ఆగమని అడిగి జాయిన్ చేస్తుంది. అయితే అడగడమే, లేపడం దాని పని కాదు! రీడ్()లో బ్లాక్ అయి కూర్చున్న థ్రెడ్‌కి ఆ మాట వినబడదు. పోల్‌కి (డేటా కోసం ఎదురుచూసే కాల్) టైమౌట్ పెట్టండి, లేదా పైప్ ఒకటి దగ్గర పెట్టుకుని దాంట్లో ఒక బైట్ రాసి లేపండి.

నిద్రలేని_థ్రెడ్:
అమ్మో, ఆ సందు గురించి నేను ఆలోచించనే లేదు. ఒక్క డౌట్: ఫైల్ మూసేటప్పుడు ఎర్రర్ వస్తే? డిస్ట్రక్టర్‌లోంచి ఎవరికి చెప్పాలి?

జావా_నుంచి_వచ్చా:
ఎవరికీ చెప్పలేరు. సీ++11 నుంచి డిస్ట్రక్టర్లు మామూలుగా నోఎక్సెప్ట్ (ఎక్సెప్షన్ బయటికి రాదని మాటిచ్చినవి), బయటికి త్రో చేస్తే నేరుగా టెర్మినేటే, ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. బఫర్‌లో మిగిలింది డిస్క్ నిండిపోయి రాయలేకపోతే తెలిసేది ఆ చివరి ఫ్లష్‌లోనే. నేను ఒకసారి ఆ ఎర్రర్‌ను మింగేసే కోడ్ రాసి, సగం ఫైలును బ్యాకప్ అని దాచుకున్నాను. అందుకని ఎర్రర్ తిరిగిచ్చే క్లోజ్() విడిగా ఉంచండి, పని బాగా ముగిసే దారిలో దాన్ని మీరే పిలవండి. డిస్ట్రక్టర్ దారి తప్పినప్పుడు పట్టుకునే వలగా మాత్రమే ఉండాలి.

జావాలో ఈ గోలే వేరు, ఫైనలైజ్‌ను (వాడని ఆబ్జెక్ట్‌ను తీసేసే ముందు జావా పిలిచే మెథడ్) నమ్ముకున్నవాళ్లంతా దెబ్బతిన్నారు, జావా 9లో దాన్ని డిప్రికేట్ చేశారు. అక్కడ ట్రై-విత్-రిసోర్సెస్ (బ్లాక్ ముగియగానే క్లోజ్()ను తనే పిలుస్తుంది) వాడతాం, సబ్‌క్లాస్ క్లోజ్()లో సూపర్ క్లోజ్()ను ఫైనల్లీలో పిలవడం మాత్రం ఇప్పటికీ మనిషే గుర్తుపెట్టుకోవాలి. మీకు ఆ పని కంపైలర్ చేసిపెడుతోంది.

నిద్రలేని_థ్రెడ్:
మార్చేశాను. మూడు డిస్ట్రక్టర్లు, షట్‌డౌన్(), ఖాళీ క్లోజ్() అన్నీ తీసేశాను. ప్రాసెస్ తెరిచి ఉంచిన డిస్క్రిప్టర్లను రాత్రంతా లెక్కపెడితే 14 దగ్గర మొదలై పొద్దున కూడా 14 దగ్గరే ఉంది. ఫైల్ క్లోజ్() ఎర్రర్‌ను పట్టించుకోకుండా వదిలేసిన చోట్లు ఐదు దొరికాయి, వాటి మీద కూర్చున్నాను.