పాత 486 క్యాబినెట్‌లో కొత్త సిస్టమ్ పెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

విశాఖపట్నం, అక్కయ్యపాలెం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు డీటీపీ షాపులో వాడిన 486 (పాతకాలపు ఇంటెల్ తరం ప్రాసెసర్) కంప్యూటర్ క్యాబినెట్‌ని అటక మీద నుంచి దించాం. మానిటర్ కింద అడ్డంగా పెట్టే రకం. ముందువైపు టర్బో బటన్, రీసెట్ బటన్, తాళం కన్ను, మెగాహెర్ట్జ్ అంకెలు చూపించే చిన్న డిస్‌ప్లే ఉన్నాయి. కుడి చివర పెద్ద పవర్ బటన్, నొక్కితే టక్కుమని లోపలికి పోయి అక్కడే ఉంటుంది. వెనకాల కార్డుల సందులు, కీబోర్డుకి గుండ్రటి కన్నం, ఇంకేమీ లేవు. కంపెనీ పేరు లేదు, అసెంబుల్డ్. లోపలి మదర్‌బోర్డు మీద బ్యాటరీ కారిపోయి ట్రాకులన్నీ తినేసింది, దాని మీద ఆశ వదులుకున్నాను.

ఇందులో కొత్త సిస్టమ్ పెట్టాలి. తెలుగు టైపింగ్, పేజీ లేఅవుట్లు, కాస్త ఫొటో పని. గేమ్స్ లేవు. ముందు భాగం మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే "కొత్త క్యాబినెట్ కొనుక్కోక ఎందుకండీ ఈ తిప్పలు" అన్నారు. ఏ సైజు బోర్డు పడుతుంది? పాత ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) వాడుకోవచ్చా? వెనకాల రేకు ఎంత కోయాలి?

గాజువాక నుంచి:

అన్నిటికంటే ముందు ఆ పవర్ బటన్ సంగతి చూడండి. అది ఇప్పటి బటన్ లాంటిది కాదు. ఆ రోజుల ఏటీ ఎస్‌ఎంపీఎస్ నుంచి నాలుగు వైర్లు ముందుదాకా వచ్చి ఆ స్విచ్‌కి తగులుకుని ఉంటాయి. వాటిలో నడిచేది గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టులే. ఆ వైర్లను పొరపాటున కూడా కొత్త బోర్డు పిన్నులకి తగిలించకండి. ప్లగ్ పీకి, ఎస్‌ఎంపీఎస్‌నీ ఆ వైర్లనీ కలిపి మొత్తంగా బయటికి తీసేయండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జ్ కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఇక బోర్డు. మీది బేబీ ఏటీ అనే పాత బోర్డు సైజుకి చేసిన క్యాబినెట్. ఇప్పుడు వాడే ఏటీఎక్స్ పద్ధతిని ఇంటెల్ తెచ్చింది 1995లో, మీ డబ్బా దానికంటే ముందు తరానిది. అప్పటి బోర్డుకి వెనక అంచున కీబోర్డు సాకెట్ ఒక్కటే ఉండేది. ప్రింటర్ పోర్టు, సీరియల్ పోర్టు లాంటివి రిబ్బన్ కేబుల్ మీద వచ్చి కార్డుల సందుల్లో కూర్చునేవి. అందుకే మీ వెనక గోడ నిండా సందులే ఉన్నాయి. కొత్త బోర్డులో పోర్టులన్నీ ఒకే గుంపుగా ఉంటాయి, వాటికి 159 × 44.5 మి.మీ. కిటికీ కావాలి. ఆ కిటికీ పడాల్సింది సరిగ్గా ఆ సందుల మీద. కాబట్టి చిన్న కన్నం చేసి సరిపెట్టుకుందాం అనుకోకండి.

నా సలహా ఏంటంటే, పాత ఇనుము కొట్టులో ఒక పాడైపోయిన ఏటీఎక్స్ టవర్ దొరుకుతుంది, కిలోల లెక్కన ఇస్తారు. దాని వెనక గోడలో పోర్టుల కిటికీ, పక్కన రెండు సందులు, వాటికి అతుక్కుని ఉన్న బోర్డు ట్రే, ఈ మొత్తాన్ని ఎల్ ఆకారంలో ఒకే ముక్కగా కోయించండి. మీ క్యాబినెట్‌లో అంత మేర సందుల రేకు తీసేసి, ఈ ముక్కని 3.2 మి.మీ. పాప్ రివెట్లతో బిగిస్తే సరి. కిటికీ, సందులు, స్టాండాఫ్ (బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి కాలు) కన్నాలు ఫ్యాక్టరీ లెక్కలోనే ఉంటాయి కాబట్టి మనం కొలిచి గీసుకునే పని సగానికి సగం తప్పుతుంది. ఆటోనగర్‌లో రేకు పని చేసేవాళ్లకి మీ డబ్బా, ఆ టవర్ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి, నోటితో చెబితే అర్థం కాదు.

ఏదీ కొనకముందు మూడు కొలతలు ఇక్కడ పెట్టండి: వెనక గోడ వెంబడి ఎస్‌ఎంపీఎస్‌కి ఇవతల ఎంత ఖాళీ ఉంది, వెనక గోడ నుంచి డ్రైవుల గూడు దాకా ఎంత, అడుగు రేకు నుంచి పైమూత దాకా ఎంత.

మర్రిపాలెం నుంచి:

పాత ఎస్‌ఎంపీఎస్ పనిచేస్తుంటే పారేయడం దేనికి బ్రదర్? కన్వర్టర్ కేబుల్ పెడితే నడుస్తుంది కదా.

గాజువాక నుంచి:

ఆ కేబుల్ పెట్టినా లాభం లేదు తమ్ముడూ. ఏటీ ఎస్‌ఎంపీఎస్‌లో 3.3 వోల్టుల లైను లేదు, స్టాండ్‌బై కరెంటూ (సిస్టమ్ ఆపి ఉన్నా బోర్డుకి అందేది) లేదు. పైగా దాని బలమంతా 5 వోల్టుల వైపే. ఇప్పటి ప్రాసెసర్ తినేది 12 వోల్టుల లైను నుంచి. దానికోసమే 2000లో నాలుగు పిన్నుల కనెక్టర్ వేరే పుట్టింది. ముప్పై ఏళ్ల నాటి కెపాసిటర్లని నమ్మి కొత్త బోర్డు పెట్టడం నాకైతే ఇష్టం లేదు.

ఒక మంచి విషయం ఉంది. ముందు బటన్‌కి వైర్లు వచ్చి ఉన్నాయంటే అది దాదాపు 150 × 140 × 86 మి.మీ. సైజుదే అయుండాలి. ఈనాటి మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ కూడా అదే సైజు. చాలా డబ్బాల్లో స్క్రూ కన్నాలు కూడా కలుస్తాయి.

అక్కయ్యపాలెం నుంచి:

చాలా థాంక్స్ అండీ. కొలిచాను. వెనక గోడ వెంబడి 225 మి.మీ., డ్రైవుల గూడు దాకా 210, ఎత్తు 135. పాత ఎస్‌ఎంపీఎస్ మీరు చెప్పిన సైజే.

ఇంకో సంగతి. పాత బోర్డు కింద తెల్లటి ప్లాస్టిక్ గుబ్బలు ఉన్నాయి, రేకులోని తాళంకన్నం లాంటి గాడుల్లోకి జారి కూర్చున్నాయి. ఇత్తడి స్క్రూలు రెండే ఉన్నాయి. కొత్తదానికి కూడా ఆ గుబ్బలే వాడొచ్చా?

గాజువాక నుంచి:

వద్దండీ, అన్నీ ఇత్తడివే పెట్టండి. బోర్డు ఎర్త్ డబ్బా రేకుకి కలిసేది వాటి ద్వారా. ట్రే టవర్‌లోదే కాబట్టి అవి దానితోనే వస్తాయి. ఒక్క జాగ్రత్త, కొత్త బోర్డుకి కన్నం లేని చోట పాత స్టాండాఫ్ ఉండిపోతే అది బోర్డు కింద టంకానికి తగిలి షార్ట్ అవుతుంది. బిగించే ముందు లెక్క చూసుకోండి: బోర్డుకి ఎన్ని కన్నాలో ట్రే మీద అన్నే స్టాండాఫ్‌లు.

మీ 225 మి.మీ.లో పూర్తి మైక్రో ఏటీఎక్స్ సైజు బోర్డు పట్టదు, దానికి 244 కావాలి. ఇంకా చిన్న సైజైన మినీ ఐటీఎక్స్ 170 × 170, హాయిగా కూర్చుంటుంది, కానీ మన దగ్గర ధర ఎక్కువ. చవక రకం మైక్రో ఏటీఎక్స్‌లలో కొన్ని పూర్తి సైజు కంటే చిన్నగా చేస్తారు. కంపెనీ సైట్‌లో కొలతలు చూసి, వెనక అంచు 200 లోపు, లోతు 205 లోపు ఉన్నది దొరికితే డబ్బు మిగులుతుంది. నేనైతే ముందు అదే వెతుకుతాను.

ప్రాసెసర్ విషయానికొస్తే విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేనిది తీసుకోండి. రైజెన్ 5 5600జి లాంటిది మీ పనికి ఎక్కువే. దాని లెక్క 65 వాట్లు. పాత 486 చిప్ ఐదారు వాట్లతో సరిపెట్టుకునేది, అందుకే మీ డబ్బాకి ముందువైపు గాలి దారే లేదు, అంతా ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ మీదే నడిచేది. బాక్సులో వచ్చే కూలర్ 54 మి.మీ. ఎత్తు, మీ 135లో దాని పైన బోలెడు ఖాళీ. కాకపోతే ఆ ఖాళీలోకి గాలి రావాలి కదా. మీరు ముందు భాగం ముట్టుకోనంటున్నారు కాబట్టి, ముందు ప్లాస్టిక్ ముఖం వెనక రేకుకి అడుగున కన్నాలు వేయించి లోపల 80 మి.మీ. ఫ్యాన్ పెట్టండి, రబ్బరు కాళ్లు కాస్త ఎత్తువి వేయండి. గాలి కింద నుంచి వస్తుంది, పైకి ఏమీ కనపడదు.

పెదవాల్తేరు నుంచి:

సముద్రం దగ్గర ఉండేవాడిగా ఒక మాట. కోసిన అంచుల్ని అలాగే వదిలేయకండి. క్యాబినెట్ రేకుకి జింకు పూత ఉంటుంది, కోసిన చోట అది పోయి పచ్చి ఇనుము బయటపడుతుంది. మన ఉప్పుగాలికి ఒక్క వానాకాలం చాలు, తుప్పు అక్కడే మొదలవుతుంది. అంచుల్ని ఆకురాయితో నున్నగా రాసి, తుడిచి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయండి. స్టాండాఫ్ కూర్చునే చోట, ఎస్‌ఎంపీఎస్ ఆనే చోట మాత్రం రంగు వేయొద్దు, అక్కడ లోహానికి లోహం తగలాలి.

కోత, డ్రిల్లింగ్, ఆకురాయి పని అన్నీ అయ్యాకే బోర్డు ఇంట్లోకి తేవాలి. ఇనప రజను ఒక్క పలుకు చాలు కొంప ముంచడానికి. కవర్లో చుట్టిన అయస్కాంతంతో మూలమూలలా తిప్పండి, రజను కవర్‌కి అంటుకుని వచ్చేస్తుంది.

ఇంకోటి, మీ ఇంటి ప్లగ్గులో ఎర్త్ ఉందా? ఇనప డబ్బా ముట్టుకుంటే చేతికి జివ్వుమందంటే ఎర్త్ లేనట్టే. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని డబ్బా మీద సప్లైలో దాదాపు సగం వోల్టేజీ తేలుతుంది. కరెంటు తక్కువే, కానీ మనిషికీ బోర్డుకీ మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరిచేయించండి, చెప్పులేసుకుని పని కానిచ్చేయడం పరిష్కారం కాదు.

అక్కయ్యపాలెం నుంచి:

నిజమే, పాత సిస్టమ్‌కి జివ్వుమనేది! అలవాటైపోయి ఎవరూ పట్టించుకోలేదు. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాను.

ఇక బటన్ల టెన్షన్. ఆ పెద్ద బటన్ నొక్కితేనే ఆన్ అవ్వాలని నా కోరిక. అలాగే ఆ అంకెల డిస్‌ప్లే వెలిగే మార్గం ఉందా? ముందువైపు ప్లాస్టిక్ పసుపుపచ్చగా అయిపోయింది, అది కూడా.

గాజువాక నుంచి:

ఆ బటన్ ఉన్నదున్నట్టు పెడితే ఆన్ అయిన నాలుగు సెకన్లకే సిస్టమ్ ఆగిపోతుంది. నొక్కితే లోపలే ఉండిపోతుంది కదా, బోర్డు దాన్ని "ఎవరో వేలు తీయకుండా నొక్కి పట్టుకున్నారు" అనుకుని బలవంతంగా షట్‌డౌన్ చేస్తుంది. తేలిక దారి రీసెట్ బటన్ వైర్లని బోర్డు మీద పవర్ పిన్నులకి పెట్టడం. అది నొక్కి వదిలే రకమే, ఏ మార్పూ అక్కర్లేదు.

పెద్ద బటనే కావాలంటే 230 వోల్టుల వైర్లన్నీ పూర్తిగా తీసేశాక స్విచ్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. చాలావాటిలో ఒక పక్క గాడిలో సన్నటి వంపు తీగ కనపడుతుంది, బటన్‌ని లోపల పట్టి ఉంచేది అదే. కొక్కెంతో దాన్ని లాగేస్తే బటన్ నొక్కగానే వెనక్కి వస్తుంది. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, నొక్కినప్పుడు కలిసే జంట ఏదో చూసి, ఆ రెండు కాళ్లకి సన్న వైర్లు టంకం పెట్టి బోర్డుకి ఇవ్వండి.

డిస్‌ప్లే దేన్నీ కొలవదండీ! వెనక జంపర్లతో ఏ గీత వెలగాలో పెట్టి ఉంచుతారు, అంతే. ఎస్‌ఎంపీఎస్‌లోని నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్ నుంచి ఎరుపు, నలుపు వైర్లు తీసుకుంటే 5 వోల్టులు వస్తాయి, పసుపు వైరు జోలికి పోవద్దు, అది 12. జంపర్లు మార్చుకుంటే మీకు నచ్చిన అంకె. టర్బో బటన్‌కి రెండు అంకెలు పెట్టుకోవచ్చు, నొక్కితే ఒకటి, వదిలితే ఇంకొకటి. పవర్ లైటు కనెక్టర్ మూడు పిన్నుల వెడల్పు ఉంటుంది, కొత్త బోర్డుకి రెండే. ప్లాస్టిక్ నాలుకని గుండుసూదితో ఎత్తితే లోపలి పిన్ను జారి వస్తుంది, పక్క గదిలోకి తోసేయండి. వెలగకపోతే తిప్పి పెట్టండి.

పసుపుకి హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టే పద్ధతి ఉంది, చేతికి గ్లౌజులు తప్పనిసరి. నన్నడిగితే దాన్ని అలాగే వదిలేయండి, కొన్నాళ్లకి మళ్లీ పసుపెక్కుతుంది.

అక్కయ్యపాలెం నుంచి:

స్విచ్‌లో ఆ వంపు తీగ ఉంది, కనపడింది. ఆదివారం ఆటోనగర్ వెళ్తున్నాను. పాత టవర్ ముక్క కోసేటప్పుడు సందులు రెండు ఉంచమన్నారు కదా, మూడు ఉంచితే నష్టమా?

గాజువాక నుంచి:

మూడో సందు దాకా కోస్తే 159కి మూడు ఇరవైలు కలిపి 219, అంచులకి రివెట్ వేసే చోటు మిగలదు. రెండే ఉంచమనండి.