పాతిక కిలోల బస్తా ఎత్తేటప్పుడు వంచవలసింది నడుమా, మోకాళ్లా?

ప్రశ్న:
మాది తణుకులో బియ్యం, కిరాణా దుకాణం. ఉదయం నిద్ర లేచిన అరగంటలోనే ముప్పై దాకా 25 కిలోల బస్తాలను నేల మీద నుంచి తీసి, పక్కకు తిరిగి, బల్ల మీద పేర్చడం నా పని. రెండు నెలలుగా నడుము కింది భాగం పట్టేస్తోంది. కాలిలోకి నొప్పి పాకడం గానీ, తిమ్మిరి గానీ లేవు. మోకాళ్లు వంచి ఎత్తమని అందరూ అంటారు, కానీ అలా కూర్చుంటే మోకాళ్లే బస్తాకు అడ్డు వస్తున్నాయి. బెల్టు కట్టుకుంటే చాలునని మా బావగారి మాట. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (ఫిజియోథెరపిస్టు):
మోకాళ్ల కన్నా ముందు చూడవలసింది బస్తాకూ మీ నడుముకూ మధ్య ఉన్న దూరం. వెన్నును ఏతంలా ఊహించుకోండి. నడుము దగ్గరి డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) దానికి ఇరుసు. వెనుక కండరాలు ఆ ఇరుసుకు 5, 6 సెంటీమీటర్ల దూరం నుంచే లాగగలవు కనుక, బస్తా 50 సెంటీమీటర్లు ముందుకు ఉంటే ఆ 25 కిలోలను ఆపడానికే అవి 200 కిలోలకు మించిన బలంతో లాగవలసి వస్తుంది, ఆ లాగుడంతా డిస్కు మీద ఒత్తిడిగా పడుతుంది. వంగిన మొండెం బరువు దీనికి అదనం. దూరాన్ని సగం చేస్తే బస్తా వల్ల కలిగే భారమూ సగమవుతుంది.

జర్మనీలో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక వ్యక్తి డిస్కులోకి సెన్సారు పంపి, లోపలి ఒత్తిడిని కొలిచిన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఊరికే నిలబడితే 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడికి కొలమానం), 20 కిలోలను నడుము వంచి ఎత్తితే 2.3, మోకాళ్లు వంచి ఎత్తితే 1.7 ఉన్నాయి. కొలిచింది ఒక్కరినే అయినా తేడా స్పష్టంగానే ఉంది. అయితే మోకాళ్లు వంచడం వల్ల బస్తా ఇంకా ముందుకు జరిగితే ఆ లాభం పోతుంది. బస్తాను నిలువుగా నిలబెట్టి, పాదాలు ఎడం చేసి, వాటి మధ్యకు తెచ్చుకుని ఎత్తి చూడండి.

జవాబు (రైసు మిల్లులో పనిచేసి విరమించినవాడిని):
మా మిల్లులో 75 కిలోల ధాన్యం బస్తాను ఏ హమాలీ నేల మీద నుంచి ఒంటరిగా ఎత్తేవాడు కాదు. ఇద్దరు లేపి అతని వీపు మీద పెట్టేవారు. అలాగని వాళ్లకు నొప్పులు లేవని అనుకోకండి, మెడా మోకాళ్లూ అరిగినవారిని చాలామందిని చూశాను. మీరు చేయగలిగింది ఒకటుంది: లారీ నుంచి దించేటప్పుడే బస్తాలను నేల మీద కాక మోకాలికి పైఎత్తులో ఉన్న బల్ల మీద వేయించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
బల్ల సంగతి ఈ వారమే చూస్తానండి. మరి బెల్టు, ఉదయం వేళ?

జవాబు (ఫిజియోథెరపిస్టు):
పెద్దాయన సలహా నా సలహా కంటే మేలు. పనిచోట భద్రత, ఆరోగ్యాలపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సూత్రం ప్రకారం, బరువు ఒంటికి దగ్గరగా, సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తులో, మెలిక లేకుండా ఉన్నప్పుడు కూడా 23 కిలోలే పరిమితి. మీ బస్తా అప్పటికే దాన్ని దాటింది. ఆరోగ్యవంతులకు బెల్టు గాయాలను ఆపుతుందనడానికి ఆధారం లేదని అదే సంస్థ 1994లో తేల్చింది.

రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చి ఉబ్బుతాయి. అందుకే ఉదయం మనం కాస్త పొడవుగా ఉంటాం, వంగినప్పుడు డిస్కు మీద లాగుడూ ఎక్కువగానే ఉంటుంది. బస్తాల పనిని లేచిన గంట తరువాతకు జరపండి. ఇక పక్కకు తిరిగేటప్పుడు నడుమును మెలితిప్పకుండా పాదాలనే తిప్పండి: డిస్కు అంచులోని పీచు పొరపొరకూ ఎదురు దిశలో అల్లుకుని ఉంటుంది కనుక, మెలిపెడితే సగం పొరలే బిగిసి భారం మోస్తాయి.

కాలు బలహీనపడినా, మలమూత్ర విసర్జన ప్రాంతంలో తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద పట్టు తప్పినా ఇక్కడ అడుగుతూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.